ఐదు చింతగింజలు

తిరుమలకు కావలసింది ఒక్కటే. బిడ్డ ఇంటికి రావాలి. ఈ మాట ఆమె మొదటిరోజే, నేను చెప్పులు విడిచి గడప దాటుతుండగానే చెప్పింది. నేను వెళ్లిన పని వేరు. ఆ మాట రాసుకోవడానికి నా కాగితంలో చోటు లేదు.

నేను జగిత్యాలలో ఉంటాను. పెళ్లికి ముందు ఎం.ఏ. చదివాను. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లుగా ఇల్లే నా పని. డిగ్రీలో నాకు పాఠం చెప్పిన గంగాప్రసాద్ సార్ ఇప్పుడు హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ఉన్నారు. పోయిన వానాకాలంలో ఆయన ఫోన్ చేశారు. ఆరు దేశాల్లో, తొమ్మిది భాషల్లో, కష్టం చేసుకొని బతికేవాళ్లను ఒకే ప్రశ్నలు అడుగుతున్నారట. చేసే పని మనిషిని మర్యాదగా బతకనిస్తున్నదా లేదా అన్నది పనిచేసేవాళ్ల నోటనే విని కొలవాలట. ఇరవై నాలుగు వాక్యాలు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి నేను చేయాలి. నా తెలుగును ఇంకెవరో అసలు చూడకుండా తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండు ఇంగ్లీషులూ ఒకటైతే తెలుగు కుదిరినట్టు.

ఆ ఇరవై నాలుగు వాక్యాలకు నేను నెల తీసుకున్నాను. పని వల్ల ఆరోగ్యానికి హాని లేదు అనే ఒక్క వాక్యానికే నాలుగు రోజులు పట్టింది. హాని అంటే పుస్తకం మాట. చివరికి ‘ఈ పని చేసినందుకు నా పానానికి ఏం కాదు’ అని రాశాను. రాసిందల్లా మా ఇంట్లో బోళ్లు తోమే దుర్గవ్వకు చదివి వినిపించేదాన్ని. ఒకరోజు ఆమె చేతిలో గిన్నె అట్లనే పట్టుకొని, “గీ ముచ్చట అడగనీకె ఆరు దేశాలెందుకమ్మా, నన్నడిగితె నేను చెప్పకపోదునా” అన్నది. నవ్వాను. ఆ రోజు చదివిన వాక్యం మాత్రం ఆమె మాటల్లోకి మార్చాను.

ఇరవై నాలుగులో ఇరవై మూడు కుదిరాయని సార్ మెచ్చుకున్నారు.

చిక్కల్లా జవాబు దగ్గర వచ్చింది. అస్సలు ఒప్పుకోను అనే దగ్గరి నుంచి పూర్తిగా ఒప్పుకుంటాను అనే దాకా ఐదు మెట్లు ఉన్నాయి. మా దిక్కు ఎవరూ అట్లా మాట్లాడరు. అవునంటారు, కాదంటారు, లేకుంటే ఏదో తియ్యి అంటారు. అప్పుడు చింతగింజలు నాకే తోచాయి. మనిషి ముందర ఒక పళ్లెం, ఐదు గింజలు. వాక్యం చదువుతాను. అది మీ విషయంలో ఎంత నిజమైతే అన్ని గింజలు పళ్లెంలో వేయండి. అస్సలు నిజం కాకపోతే ఒక్కటి, పూర్తిగా నిజమైతే ఐదు. లెక్క రాసుకొని గింజలు తిరిగి సంచిలో వేసుకుంటాను, మళ్లీ ఐదు తీసి ముందర పెడతాను. సార్ దాన్ని ఫొటో తీయించుకొని మిగతా దేశాలవాళ్లకు కూడా పంపారు. ఆ రోజు మా ఇంట్లో అందరికీ నేనే చెప్పుకున్నాను.

అసలు సర్వేకు ముందు ఒక పరీక్ష ఉంటుంది. జగిత్యాలలో కుట్టుపని చేసేవాళ్లు, సిరిసిల్లలో మగ్గాల మీద పనిచేసేవాళ్లు, కోరుట్లలో బీడీలు చేసేవాళ్లు. ఒక్కో చోట పదిమందిని అడగాలి. జవాబు రాసుకోవడమే కాదు, ఇన్నే గింజలు ఎందుకు పెట్టారు అని కూడా అడిగి రాయాలి. జగిత్యాలలో చేశాను. సిరిసిల్లలో చేశాను. కోరుట్లకు రెండుసార్లు పోయాను. రెండుసార్లూ నాకు కుదిరింది పగటిపూట పదకొండు దాటాక. అది వాళ్లు బీడీలు కట్టలు కట్టి కార్ఖానాకు తీసుకుపోయే వేళ. ఒక్కరూ తలెత్తలేదు. మూడోసారి పోదామనుకున్న వారం మా ఆడబిడ్డ ఇంటి గృహప్రవేశం వచ్చింది. గడువు దగ్గరపడింది. ఆ పదిమందిని కూడా జగిత్యాలలోనే, మా గల్లీ దర్జీ దుకాణాల్లో అడిగేశాను. కోరుట్ల ఎంత దూరమని? బస్సెక్కితే ముప్పావు గంట. అదే తెలుగు, అవే చింతగింజలు. చేసింది చేసినట్టే రిపోర్టులో రాశాను. సార్ ఏమీ అనలేదు.

ఈ కొలత ఊరికే కొలవడానికి కాదు. మూడు చోట్లలో పని చేసేవాళ్లకు ఎక్కడ అన్నిటికన్నా కష్టంగా ఉందని తేలితే అక్కడ పనిచేసే చోటును బాగు చేయడానికి డబ్బు ఇస్తారు. బీడీలకైతే గాలి వెలుతురు ఉన్న షెడ్డు. మగ్గాలకైతే దుమ్ము లాగే ఫ్యాన్లు, కూర్చోవడానికి ఒక గది. డబ్బు ఒక్క చోటికే. ‘ఈ జవాబులు చూసి ఒకచోట పని సౌకర్యాలు కల్పిస్తారు’ అని, ఏ పనికి ఏం వస్తుందని, అంతవరకే అందరికీ చెప్పాలి. ఎట్లాంటి జవాబుకు కల్పిస్తారన్నది చెప్పకూడదు. చెబితే అందరూ ఒక్క గింజే పెడతారని సార్ అన్నారు. నాకూ అది న్యాయంగానే తోచింది.

తిరుమల ఇంటికి నేను అసలు సర్వే కోసం వెళ్లింది కార్తీకమాసంలో. ఈసారి పొద్దున్నే వెళ్లాను. ఒక అర్ర, ముందు చిన్న వసారా. అత్తాకోడళ్లు అర్రలో గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఒడిలో చాటలు, చాటల్లో కత్తిరించిన తునికాకు, నడుమ తంబాకు. ఇద్దరి వేళ్లూ చూడకుండానే చుడుతున్నాయి. తిరుమల మొగుడు మస్కట్‌లో ఉంటాడు. తొమ్మిదేళ్ల కూతురు సింధూజ సిరిసిల్లలో తిరుమల అక్క కల్యాణి దగ్గర ఉంది. దసరా ముందు ఆ పిల్లకు ఊపిరి ఆడక రెండుసార్లు జగిత్యాల దవాఖానకు ఎత్తుకొచ్చారట. తంబాకు ఉన్న అర్రలో పిల్లను పండబెట్టొద్దు అన్నాడు డాక్టరు. ఉన్నది ఒకటే అర్ర. వసారాలో కూర్చుంటే గాలికి తంబాకు లేచిపోతుంది, తడిపిన ఆకు ఎండి పగులుతుంది. అందుకని తంబాకు ఇంట్లో ఉంది, పిల్ల సిరిసిల్ల పోయింది.

“షెడ్డు వస్తె గీ సామానంత అండ్లకు పోతది మేడం. ఇల్లు కడిగి సున్నమేస్త. నా బిడ్డను తెచ్చుకుంట” అన్నది తిరుమల.

షెడ్డు కోరుట్లకే వస్తుందని నేను అనలేదని చెప్పాను. ఆమె తల ఊపింది. చాట పక్కన పెట్టి చేతులు కడుక్కొని వచ్చి, పళ్లెం కొంగుతో తుడిచి, నా ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చున్నది.

మొదటి వాక్యం చదివాను. ఐదు గింజలూ పెట్టింది. రెండోదానికి ఐదు. పని ఇప్పించేవాళ్లు నాతో మర్యాదగా మాట్లాడతారు, ఐదు. నాకు తగినంత ఆరాం దొరుకుతుంది, ఐదు. గోడ పక్క నుంచి అత్త నర్సవ్వ చూస్తూ, “గింజలు మనకే ఇడిశిపెడతదానె, మల్ల తీస్కపోతదా” అని అడిగింది. ఊకో అత్తా అని తిరుమల కసిరింది. ఈ పని చేసినందుకు నా పానానికి ఏం కాదు అని చదివాను. తిరుమలకు దగ్గు వచ్చింది. పొడిదగ్గు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, అది తగ్గిందాకా ఆగి, ఒకటి తర్వాత ఒకటి ఐదు గింజలూ పళ్లెంలో పెట్టింది.

నేను తలెత్తి చూశాను. అసలు సర్వేలో ఎందుకని అడగకూడదు. జవాబు బాగున్నా బాగలేకున్నా ముఖంలో కనిపించనీయకూడదు. అది నియమం. ఐదు అని రాసుకొని గింజలు సంచిలో వేసుకున్నాను.

లేచేటప్పుడు ఆమె గడప దాకా వచ్చింది. “మంచిగనే పెట్టిన గద మేడం?”

“మంచిగనే పెట్టినవ్” అన్నాను.

ఆ నాలుగు రోజుల్లో కోరుట్లలో నలభై రెండు మందిని అడిగాను. ముప్పై ఎనిమిది మంది ప్రతిదానికీ ఐదే పెట్టారు. బస్సులో ఇంటికి వస్తూ కాగితాలు తిరగేస్తే ఒకదానికొకటి నకలు తీసినట్టు ఉన్నాయి. నాకు నచ్చలేదు. ఫోన్‌లో సార్‌తో అన్నాను కూడా. ఆడవాళ్లు, ఇంటిపట్టున ఉండి చేసుకునే పని, తృప్తి ఎక్కువ ఉండొచ్చన్నారు ఆయన. ఇంటిపట్టున ఉండేదాన్నే కదా నేను కూడా, ఆ మాటకు జవాబు చెప్పవలసింది. చెప్పలేదు. పెద్దలు చూసుకుంటారనుకున్నాను.

తర్వాతి వారం సిరిసిల్లలో కల్యాణి మొగుడు శ్రీశైలాన్ని అడిగాను. ఆయన పన్నెండు గంటలు మగ్గాల నడుమ నిలబడి వచ్చి, ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉన్నట్టు గట్టిగా మాట్లాడతాడు. ఆయన గింజలను నాలుగింటిని వెనక్కి తోసి ఒక్కటి ముందుకు జరిపేవాడు. మహా అయితే రెండు. మర్యాద ప్రశ్నకు ఆ ఒక్కటి కూడా చేతిలో తిప్పుతూ, “ఇది గూడ దండుగనే, నువ్వు పెట్టాలన్నవ్ గాబట్టి పెడుతున్న” అన్నాడు. ఆ వాడలో అందరూ అంతే. బేరానికి కూర్చున్నట్టు కూర్చునేవారు. సేట్లతో కూలి మాటకు కూర్చొని కూర్చొని వాళ్లకు అలవాటు. అడిగినప్పుడు ఉన్న కష్టమంతా చెప్పాలి, లేకుంటే పోయింది.

సింధూజ తలుపు పక్కన నిలబడి అంతా చూసింది. పెద్దబాపు లేచిపోయాక దగ్గరికి వచ్చి, మా అమ్మను గూడ గిట్లనే అడిగినవా అన్నది. అడిగానన్నాను. “అమ్మ ఎన్ని పెట్టింది?”

చెప్పకూడదన్నాను. పిల్ల ఒప్పుకోనట్టు చూసి, నాకెర్కలే అని లోపలికి పోయింది. ఊపిరి బాగానే తీస్తున్నది. కల్యాణి చెప్పింది, ఇక్కడికి వచ్చాక ఒక్కసారి కూడా దవాఖాన మెట్లెక్కలేదట. రాత్రి పండుకునే ముందు మాత్రం రోజూ ఒకటే అడుగుతుందట, షెడ్డు ఎప్పుడు కడతరు అని.

మార్చిలో సార్ ఫోన్ చేశారు. సంతోషంగా ఉన్నారు. తెలుగు చక్కగా కుదిరిందట. ఆరు దేశాల్లో అడిగిన అన్ని చోట్లలోకీ ఎక్కువ గింజలు కోరుట్ల బీడీ పనికే వచ్చాయట, ఐదుకు నాలుగు పాయింటు ఎనిమిది. డబ్బు సిరిసిల్లకు మంజూరైంది. పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారుతున్నాయి. నేను ఫోన్ పెట్టేసేదాకా ఆ వాసన తెలియలేదు.

ఏప్రిల్ మొదట్లో కోరుట్ల పోయాను. ఈసారి కాగితాలు తీసుకుపోలేదు. తిరుమల కట్టలు లెక్క పెట్టి గంపలో సర్దుతోంది. కార్ఖానాకు పోయే వేళైందని, మళ్లొచ్చి కూర్చుందామని అన్నది. నేనూ వస్తానని వెంట నడిచాను. ఇంతకుముందు రెండుసార్లు ఆ వేళకే వచ్చి, పని కాదని వెనక్కి తిరిగినదాన్ని.

కార్ఖానా అంటే ఒక పాత ఇంటి ముందు అర్ర. ఆడవాళ్లు వరుసగా గంపలు పెట్టుకొని కూర్చున్నారు. లోపల ఒకాయన ముందర పెద్ద బల్ల. వెయ్యి బీడీలకు నలభై కట్టలు. తిరుమల నలభై రెండు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన ఆమె ముఖం చూడలేదు. ఒక కట్ట విప్పి, వేళ్లతో నొక్కి, ఇది వదులు, ఇది పొట్టి, ఆకు పగిలింది అంటూ కింద డబ్బాలో పారేశాడు. ఇంకో కట్ట విప్పాడు. అందులోవి గుప్పెడు. ఆ డబ్బాలో పడినవి మళ్లీ ఆమెకు రావు. చివరికి నలభై కట్టలకు లెక్క రాసి, రేపటి ఆకు, తంబాకు తూచి ఇచ్చాడు. తిరుమల వెనక ఉన్నామె నలభై కట్టలే తెచ్చింది. ఆయన ఏరేశాక లెక్క తక్కువ పడింది. రేపు నీకు ఆకు సగమే అన్నాడు. ఆమె గంప ఎత్తుకొని బయటికి వచ్చింది.

తిరుమల నాతో పాటు దారిలో నడుస్తూ, కొత్తామె, ఇంక తెల్వలే, రెండు కట్టలు ఎక్కువనే తెచ్చుకోవాలె అని చెప్పింది.

షెడ్డు విషయం అప్పుడు చెప్పాను. డబ్బు సిరిసిల్లకు పోయిందన్నాను. ఆమె గంపను సర్దుకుంది.

“మా బావ ఎన్ని పెట్టిండు?”

ఈసారి నియమం పాటించలేదు. ఒకటి, రెండు అని చెప్పాను.

తిరుమల ఆగిపోయింది. నెత్తిమీది గంపకు ఒక చెయ్యి పట్టుకొని నా వైపు తిరిగింది. “తక్కువ పెట్టినోళ్లకు ఎట్లిచ్చిన్రు అక్కా?”

అంతదాకా నన్ను మేడం అనేది. ఎక్కడ కష్టం ఎక్కువుంటే అక్కడ ఇచ్చారన్నాను. మరి నీ పానానికి ఏం కాదని ఐదు ఎందుకు పెట్టినవని అడిగాను. పరీక్షలో అడగవలసిన ప్రశ్న. ఆ పరీక్ష అయిన ఏడు నెలలకు, ఎండలో, నడిరోడ్డు మీద అడిగాను.

“నువ్వు చదివింది ఇన్న. అది అబద్ధమేనని నాకెర్క లేదా?” అన్నది. “నువ్వేమో ఐదు గింజలు ముందట పెడితివి. పెట్టినయి లెక్క రాసుకొని సంచిల ఏసుకుంటివి. మాకు లెక్క తక్కువ ఇచ్చుడు అలవాటు లేదక్కా. తక్కువిస్తె రేపటికి పని లేదంటరు. పైకెల్లి హైదరాబాదుల ఇంకో సారు కూసోని ఏరి పారేస్తడు గదా అనుకున్న. నిండుగ పెడితె, తీసేయంగ నాలుగన్న మిగుల్తయి, షెడ్డుకు పనికొస్తయి అనుకున్న.”

ఆమె గొంతులో కోపం లేదు. తన పని తీరు నాకు వివరిస్తోంది, అంతే. నడుస్తూ నడుస్తూ మళ్లీ అన్నది, “మా అత్తకు గూడ నేనే చెప్పిన, అన్ని పెట్టు అని.”

ఆ గల్లీలో ఇంకో అయిదారు ఇళ్లకు పోయి అడిగాను. అందరూ అదే చెప్పారు. ఒకామె నన్ను ఎదురు అడిగింది, లెక్క ఇచ్చేటప్పుడు ఎవరన్నా తక్కువిస్తరా తల్లీ అని.

ఆ సాయంత్రం సార్‌కు అంతా చెప్పాను. కోరుట్లలో పరీక్ష చేయకుండా వదిలేసింది నేనేనని, గింజలు నా ఆలోచనేనని కూడా చెప్పాను. ఆయన మంచివారు. నన్ను ఒక్క మాట అనలేదు. రిపోర్టులో ఆ చోటు గురించి ఒక గమనిక రాద్దామన్నారు, ఇది విలువైన సంగతి, వివరంగా రాసి పంపమన్నారు. అంకెలు ఆరు దేశాలవి కలిసిపోయాయి, డబ్బు మంజూరైపోయింది, మళ్లీ సర్వే మూడేళ్లకు. మూడేళ్లకు సింధూజ ఎన్నో తరగతిలో ఉంటుందని లెక్క వేసుకున్నాను. గమనిక రాశాను. రెండు పేజీలు పంపితే అయిదు వాక్యాలు ఉంచుతామని జవాబు వచ్చింది.

జూన్‌లో తిరుమల ఫోన్ చేసింది. సిరిసిల్ల బడిలో పిల్లను దసరా నుంచి ఊరికే కూర్చోబెట్టుకున్నారు. ఇప్పుడు ఐదో తరగతికి టీసీ లేనిదే పేరు రాయమంటున్నారట. ఇన్నాళ్లూ ఆమె టీసీ తీయలేదు. షెడ్డు వస్తది, మళ్లా ఈ బడికే వస్తది, ఎందుకు తీసుడు అనుకున్నదట. టీసీ తీసుకున్నానని, సిరిసిల్ల పోతున్నానని, ఒకసారి కాగితం చూసిపెడతావా అక్కా అని అడిగింది. నేనూ వస్తానన్నాను.

కోరుట్ల బస్టాండులో కలిశాం. ఆమె గులాబీరంగు చీర కట్టుకొని ఉంది. బిడ్డ దగ్గరికి పోయేటప్పుడు కట్టుకునే చీరను ఇంట్లో పెట్టుకోదట. పక్కింటి సారయ్య పెళ్లాం పెట్టెలో దాచుకుంటుందట, తంబాకు వాసన పట్టకుండా. స్నానం కూడా వాళ్లింట్లోనే చేసి వచ్చింది. చేతులు ముక్కు దగ్గర పెట్టుకొని చూసుకుంది. వేళ్ల సందుల్లో వాసన ఎంత సబ్బు పెట్టినా పోదన్నది. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి టీసీ తీసి ఇచ్చింది. అచ్చరం అచ్చరం చూడమన్నది.

చూశాను. పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, చదివిన తరగతి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. బడి విడిచిపెట్టడానికి కారణం అన్న చోట ‘తల్లిదండ్రుల కోరికపై’ అని ఉంది. గుండ్రటి చేతిరాత, కింద హెడ్మాస్టరు సంతకం, ముద్ర.

నేను అక్కడ ఆగడం ఆమె చూసింది. “ఏమన్న తప్పున్నదా?”

కారణం చోట రాసింది చదివి వినిపించాను.

“నేను కోరిన్నా?” అన్నది తిరుమల. కొంచెంసేపు ఆ గళ్ల వైపు చూసింది. మళ్లీ తనే, “సారును అడిగిన. అందరికి గట్లనే రాస్తరట. వేరే రాస్తె అక్కడ తీసుకోరట” అన్నది.

కాగితం ఆమె చేతికి ఇచ్చాను. మడత పడకుండా కవర్లో పెట్టుకుంది. వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు వచ్చి ఆగింది, జనం తలుపు దగ్గర ఎగబడ్డారు. తిరుమల కవరును రొమ్ముకు అదుముకొని, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకొని ముందుకు లాగింది.

“ఎక్కక్కా. సీటు దొరకది.”